గాజా ఆపరేషన్ గదిలో బీరూట్ వైద్యుని చేయి



మన బిడ్డలలో వైద్యం చదువుతున్నవారూ, కంప్యూటర్ విద్యలో స్థిరపడినవారూ నేడు తక్కువేమీ కాదు. ఆ రెండు విద్యలూ కలిసే ఒక చోటును గురించి ఈ సభలో మాట్లాడదలచాము. కంటి ఎదుట ఉన్న వాస్తవ దృశ్యంపై కంప్యూటర్ మరొక చిత్రాన్ని పరచి చూపితే దానిని ఆగ్మెంటెడ్ రియాలిటీ అంటున్నారు. 2020 జూన్‌లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వైద్యులు అటువంటి పరికరాన్ని తలకు ధరించి ఒక రోగి వెన్నెముకలో ఆరు స్క్రూలు బిగించారు. స్కాన్‌లోని ఎముకల చిత్రం రోగి దేహంపైనే వారికి కనిపించింది. మాటిమాటికీ తల తిప్పి పక్కనున్న తెరను చూసుకునే అవసరం తప్పింది.

అది సంపన్న దేశపు ముచ్చట. మేము వివరంగా చెప్పదలచినది అంతకు ముందే గాజాలో జరిగిన శస్త్రచికిత్సను గురించి. దాని నివేదిక 2018లో ఒక ప్లాస్టిక్ సర్జరీ పత్రికలో వెలువడింది.

అల్-అవ్‌దా ఆసుపత్రిలో, బాంబు పేలుడుకు చేయి ఛిద్రమైన యువకుడొకడు ఉన్నాడు. అటువంటి చేతిని తిరిగి పనికి వచ్చేలా కూర్చడం ప్రతి సర్జనుకూ సాధ్యమయ్యేది కాదు. ఆ నైపుణ్యంలో పేరొందిన పాలస్తీనా సంతతి వైద్యుడు డాక్టర్ ఘస్సాన్ అబూ సిత్తా అప్పట్లో బీరూట్ అమెరికన్ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రంలో ఉన్నారు. రెండింటికీ మధ్య దూరం ఇంచుమించు హైదరాబాదుకూ విజయవాడకూ ఉన్నంతే. కానీ ఆ దారి పొడవునా మూసిన సరిహద్దులు.

దారి దొరికినది ప్రాక్సిమీ అనే ఏర్పాటు ద్వారా. లెబనాన్ మూలాలున్న బ్రిటన్ ప్లాస్టిక్ సర్జన్ డాక్టర్ నదీన్ హషాష్-హరామ్ దానికి రూపకల్పన చేశారు. గాజా ఆపరేషన్ గదిలోని కెమెరా దృశ్యం ఇంటర్నెట్ మీదుగా బీరూట్ చేరుతుంది. అక్కడి సర్జన్ కోత ఎక్కడ పెట్టాలో వేలితో చూపితే, ఆ వేలు, ఆ గీత గాజాలోని తెరపై రోగి చేతి మీదనే కనిపిస్తాయి. ఫోన్‌లో “ఇంకొంచెం పైన” అంటే ఎంత పైన? వేలు పెట్టి చూపితే ఆ సందేహం ఉండదు. కత్తి పట్టినవారు మాత్రం గాజా వైద్యులే. మాకు ఇందులో అన్నిటికంటె విలువైనదిగా తోచినది అదే. వచ్చి వెళ్ళిపోయే నిపుణునితో పాటు అతని విద్య కూడా విమానమెక్కుతుంది. ఈ పద్ధతిలో నేర్చిన పనితనం స్థానికుల చేతుల్లోనే ఉండిపోతుంది.

ఇంతటితో చప్పట్లు కొట్టి లేచిపోలేము. 2017లో చికిత్స కోసం గాజా దాటి వెళ్ళడానికి ఇజ్రాయెల్‌కు దరఖాస్తు చేసుకున్నవారిలో 54 శాతానికే అనుమతి లభించిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క తేల్చింది. ఎదురుచూస్తూనే ఆ ఏడాది 54 మంది కన్నుమూశారు. తెర మీది చేయి క్యాన్సర్ రోగికి రేడియేషన్ చికిత్స ఇవ్వలేదు. ఆ ఏడాది వేసవిలో గాజాకు రోజుకు నాలుగు గంటల కరెంటే గగనమైంది. కరెంటు లేనిదే తెర వెలగదు. రోగి వైద్యుని వద్దకు వెళ్ళగలగడం అతని హక్కు. ఆ హక్కుకు బదులు ఒక తెరను చేతిలో పెట్టి సరిపుచ్చితే మేము ఒప్పుకోము.

2023 అక్టోబరులో అబూ సిత్తా తానే గాజా వెళ్ళి 43 రోజులు అక్కడి ఆసుపత్రులలో పనిచేశారు. ఆ నెల 27 నాటికి గాజాలో ఫోన్లు, ఇంటర్నెట్ తెగిపోయాయి. దూరం నుండి వేలు చూపే మార్గమే మూసుకుపోయింది. గాయాలకు సోకిన చీడను కడగడానికి దుకాణంలో కొన్న వెనిగర్ వాడవలసి వచ్చిందని ఆయనే తెలిపారు. ఆయన గాజా వీడిన కొద్ది రోజులకు, నవంబరు 21న, ఉత్తర గాజాలోని అల్-అవ్‌దా ఆసుపత్రిపై జరిగిన దాడిలో ముగ్గురు వైద్యులు మరణించారు.