ఆర్యభటుని పడవ



కావ్యములును కథలును కాలక్షేపమునకు, శాస్త్రములు జ్ఞానమునకు అను విభజన యొకటి గ్రంథాలయములలో వాడుకయై యున్నది. ధనము చాలనపుడు మొదటివానిని మాని రెండవవానిని మాత్రమే కొనవలయునని వాదించువారును గలరు. మన ఆలంకారికులు కవికి శక్తి, నిపుణత, అభ్యాసము అను మూడును వలయునని చెప్పిరి. శక్తి యనగా కల్పనకు మూలమైన ప్రతిభ. నిపుణత యనగా లోకమును, శాస్త్రములను ఎరిగియుండుట. కవికి జ్ఞానము వలయునని అందరు నొప్పుకొందురు. శాస్త్రజ్ఞునకు కల్పన వలయునా యనునదే ప్రశ్న. దీనికి ఆర్యభటుని చరిత్రము చక్కని సమాధానము.

ఆర్యభటుడు క్రీ.శ. 476లో జన్మించెను. తనకు 23 ఏండ్లు నిండిన కాలమును, అనగా 499వ సంవత్సరమును, ఆర్యభటీయమున తానే సూచించెను. ఆ చిన్న గ్రంథమున నొక పడవ ఉపమానము గలదు. గోదావరిపై పడవలో పోవువానికి ఒడ్డున నున్న తాటిచెట్లు వెనుకకు పోవుచున్నట్లు తోచును. ఇది పసివారును ఎరిగినదే. చూచి నవ్వి యూరకుందురు. ఆర్యభటుడు ఊరకుండక భూమినే పడవగా నూహించెను. నక్షత్రములు నిలిచియే యున్నవి. మనమెక్కిన భూమియే తూర్పునకు తిరుగుచున్నది.

ఊహతోనే యతడు తృప్తినొందలేదు. 43,20,000 సౌరవర్షముల మహాయుగమున భూమి 1,58,22,37,500 మారులు తిరుగునని లెక్క కట్టెను. నక్షత్రముల నడుమ సూర్యుడు ఏటికొక చుట్టు తూర్పుగా సాగును గనుక, భూభ్రమణములకన్న సూర్యోదయములు ఏటికొకటి తక్కువగును. ఆ 43,20,000 తీసివేసిన మిగులునవి 1,57,79,17,500 దినములు. ఈ దినములను భ్రమణసంఖ్యచే భాగించి చూడుడు. ఒక్క భ్రమణమునకు 23 గంటల 56 నిమిషముల 4 సెకనులు వచ్చును. నేటి కొలతకును దీనికిని భేదము సెకనులో నూరవవంతు మాత్రమే! పద్దు వ్రాసినవాడెవడైనను ఇచట నొక్క నిమిషము కలము క్రిందనుంచి నమస్కరింపవలయును.

తరువాతి కథ మరింత బోధప్రదము. వరాహమిహిరుడు ఈ మాట నొప్పుకొనలేదు. భూమి తిరిగినచో నింగికెగిరిన డేగలు తమ గూళ్ళకెట్లు మరలివచ్చును? జెండాలన్నియు నెల్లప్పుడును పడమరకే ఎగురవలదా? అని యడిగెను. ఎత్తైన కట్టడములు ఏల కూలకున్నవని 628లో బ్రహ్మగుప్తుడు ప్రశ్నించెను. వీరు అజ్ఞానులు కారు. సున్నతో గణనకు నియమములు చెప్పినవాడు ఆ బ్రహ్మగుప్తుడే. వారి ప్రశ్నలును సహేతుకములే. పడవలోని గాలియు పడవతోపాటు కదలుననుట మాత్రము వారి యూహకు అందలేదు. వ్యాఖ్యాతలు కొందరు ఆచార్యుని తప్పుపట్ట మనసొప్పక, ఆ శ్లోకమునకు వేరర్థము చెప్పి సరిపుచ్చిరి. గురుభక్తి సత్యమునకు అడ్డు వచ్చుట మన దేశమున క్రొత్త గాదు.

డేగల ప్రశ్నకు స్పష్టమైన సమాధానము వేయేండ్లు గడచిన పిమ్మట, 1632లో, ఇటలీ దేశీయుడగు గెలీలియో గ్రంథమున వెలువడెను. చిత్రమేమనగా అదియు ఓడయే! ఓడలోని మూసిన గదిలో సీతాకోకచిలుకలు ఎగురుచుండగా, ఓడ నిలిచియున్నను సమవేగముతో సాగుచున్నను వాని యెగురుటలో భేదము కానరాదని యతడు వ్రాసెను. 1851లో పారిస్ నగరమున ఫూకో 67 మీటర్ల తీగకు 28 కిలోల గుండును వ్రేలాడదీసి ఊగించెను. గుండు ఊగు దిశ క్రమక్రమముగా తొలగుట జనులు కన్నులార గాంచిరి. తిరిగినది గుండు కాదు, వారు నిలిచిన నేల.

ఇచట నొక మాట చెప్పక తప్పదు. భూమి సూర్యుని చుట్టు తిరుగునని కూడ ఆర్యభటుడే చెప్పెనని కొందరు అభిమానులు ప్రచారము చేయుదురు. ఆర్యభటీయమున భూమి విశ్వమధ్యముననే యున్నది. అతని పడవ అంతవరకే సాగినది. రాహుకేతువులను తోసి, గ్రహణములకు నీడలే కారణమని చాటినవానికి మన కల్పనతో క్రొత్త నగలు పెట్టనక్కరలేదు.

ఆర్యభటీయము శ్లోకములలో నున్నది. దానిని కావ్యముల బీరువాలో నుంచవలయునో, గణితపు బీరువాలో నుంచవలయునో గ్రంథాలయ పాలకులు నిర్ణయింతురు గాక.