మిత్రుడు దాచిన నొప్పి
(వజ్రోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి, వైద్యుని ప్రసంగం)



ఉత్సవ వేదికపై మూత్రవ్యాధుల ప్రసక్తి ఏల అని కొందరు నొచ్చుకోవచ్చును. ఈ బడిలో నా బల్లపైనే కూర్చున్న మిత్రుడొకడు మూత్రపు ఇబ్బందిని సిగ్గుచేత దాచి, నడుము నొప్పిని వాతమనుకొని రెండేండ్లు గడిపినాడు. నేను తెలుగులో అడిగితే గాని నోరు విప్పలేదు. అప్పటికే ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు ప్రాకినది.

మూత్రాశయం దిగువనున్న ఈ గ్రంథిలో వ్యాధి తొలిదశలో సాధారణంగా ఏ బాధా ఇవ్వదు. రాత్రి పలుమార్లు లేవవలసి రావడం వయసుతో గ్రంథి పెరిగినా జరుగుతుంది. పి.ఎస్.ఎ. రక్తపరీక్షలో అంకె హెచ్చినంతనే క్యాన్సరనీ అనరాదు. ఇన్‌ఫెక్షన్ వల్లనూ హెచ్చవచ్చును. బయాప్సీతోనే నిర్ధారణ.

తేలినా అందరికీ శస్త్రచికిత్స అక్కరలేదు. బ్రిటన్‌లో గ్రంథి దాటని వ్యాధి గల 1,643 మందిని శస్త్రచికిత్స, రేడియేషన్, కేవల పరిశీలన అను మూడు వర్గాలుగా 15 ఏండ్లు గమనించినారు. 2023 నాటి ఫలితాలలో ఏ వర్గంలోనైనా ఈ వ్యాధితో మరణించినవారు సుమారు 2 నుండి 3 శాతమే.

నా మిత్రుడు ఆ దశ దాటినాడు. పురుష హార్మోనును అణచే సూదిమందుతో నొప్పి తగ్గినది; 1941లో చార్లెస్ హగ్గిన్స్ చూపిన మార్గమే అది. మనుమరాలి పెండ్లి చూచినాడు. ఈ సభకు మాత్రం లేడు.

తండ్రికి వచ్చిన వ్యాధి కుమారునికి వచ్చే అవకాశం హెచ్చు. అతని కుమారుడు ముందు వరుసలోనే ఉన్నాడు. అతని అనుమతితోనే ఇదంతా చెప్పినాను. సోమవారం పరీక్షకు వస్తానన్నాడు.