ఇల్లు అమ్మాలంటే ముందు చూసేవాళ్ళు రావాలి

(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు అమ్మి చూడు అని మాత్రం అనలేదు. కట్టుకున్న ఇల్లు అమ్ముకోవలసి వస్తుందని ఆ రోజుల్లో ఎవరూ అనుకోలేదు కాబోలు. ఇవాళ మనలో చాలామందికి ఆ అవసరం వస్తున్నది. పిల్లలు హైదరాబాద్‌లోనో, అమెరికాలోనో స్థిరపడ్డారు. మనకు మెట్లెక్కే ఓపిక తగ్గింది. సర్వీసులో ఉండగా 200 గజాల జాగ కొని, ప్రభుత్వం ఇచ్చిన ఇంటి అప్పుతో కట్టుకున్న ఇల్లు తాళం వేసి ఉంటున్నది. ఏజెంటుకు చెప్పి ఏడాదైంది, చూడడానికి నలుగురు కూడా రాలేదని బాధపడేవాళ్ళు మనలో కొద్దిమంది కాదు. ఆలస్యమైన కొద్దీ ఇల్లు పాడవుతుంది. చివరకు ఆస్పత్రి ఖర్చో, మనుమరాలి పెళ్ళో ముంచుకొచ్చినప్పుడు వచ్చిన కాడికి అమ్ముకోవలసి వస్తుంది. మన జన్మకంతటికీ కూడబెట్టిన ఆస్తి ఇదొక్కటే కాబట్టి ఈ విషయం కొంచెం వివరంగా మనవి చేస్తాను.

ఏజెంటు మనుషులను ఎందుకు తీసుకురాడు? అతని వైపు నుంచి ఆలోచించండి. పెట్రోలు అతనిది, పూట అతనిది. రిజిస్ట్రేషన్ అయితేనే అతనికి నాలుగు డబ్బులు. కాబట్టి తన దగ్గరున్న పది ఇళ్ళలో బేరం తెగుతుందన్న నమ్మకం ఉన్న రెండు మూడింటినే ముందు చూపిస్తాడు. మన ఇల్లు ఆ రెండు మూడింటిలో చేరాలి. అందుకు ధర, కాగితాలు, తాళంచెవి, ఈ మూడూ సిద్ధంగా ఉండాలి. గోడలకు రంగులు ఆ తర్వాతి మాట.

మొదట ధర. మనం ఇంటికి కట్టే లెక్క వేరు, కొనేవాడి లెక్క వేరు. ఉదాహరణకు గజం 15,000 రూపాయలు అనుకుంటే 200 గజాల జాగ 30 లక్షలు. దాని మీద ముప్పై ఏళ్ళనాటి ఇంటికి మనం కొత్త ఇంటి ఖర్చు కలుపుతాం. కొనేవాడు సగం కూడా కలపడు. కొందరు పడగొట్టి కట్టుకోవాలనే వస్తారు. వాళ్ళ లెక్కలో ఆ ఇంటికి విలువే లేదు. పైగా రిజిస్ట్రేషన్ ఖర్చు కొనేవాడిదే. తెలంగాణలో 2021 జులై 22న పెంచిన ప్రకారం స్టాంపు సుంకం, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి 7.5 శాతం. 40 లక్షల ఇంటికి 3 లక్షలు. ఇది అతని జేబులోంచి పోయేదే కాబట్టి మన ధరలోనే అతను చూసుకుంటాడు. అందుచేత మన వాడలో గత ఏడాదిలో నిజంగా అమ్ముడుపోయిన రెండు మూడు ఇళ్ళ సంగతి కనుక్కోండి. అడుగుతున్న ధర కాదు, తెగిన ధర కనుక్కోవాలి. దానికి కొంచెం పైన చెబితే బేరమాడడానికి మనిషి వస్తాడు. చాలా పైన చెబితే ఫోనులోనే ఆగిపోతాడు.

ఇంకొక మాట. మన పట్టణాల్లో ఒకే ఇంటిని అయిదారుగురు బ్రోకర్లకు చెప్పడం అలవాటు. ఒకరికి 45 లక్షలని, ఇంకొకరికి 42 అని, బంధువులకు 40 అని చెబుతాం. కొనేవాడి చెవిన మూడు ధరలూ పడతాయి. ఈ ఇంట్లో ఏదో తిరకాసు ఉందని అతను వెనక్కి తగ్గుతాడు. ఇద్దరు ముగ్గురు ఏజెంట్లు చాలు. అందరికీ ఒకే ధర, కాగితం మీద రాసి ఇవ్వండి. కమీషన్ ఒక శాతమా, రెండు శాతమా అన్నది ముందే తేల్చండి. అతను తెచ్చిన మనిషితో చాటుగా బేరం కుదుర్చుకునే యజమాని అని పేరు పడిందా, ఆ గడప ఇంకెవరూ తొక్కరు.

రెండవది కాగితాలు. ఇక్కడ మన ఉద్యోగులకు మాత్రమే ఉండే చిక్కు ఒకటి చెబుతాను. ప్రభుత్వ ఇంటి అప్పు తీసుకున్నప్పుడు ఇంటిని గవర్నరు పేర తనఖా పెట్టి రిజిస్టరు చేయించాము. వాయిదాలు జీతంలోంచి కోతపడి ఎప్పుడో తీరిపోయాయి. తనఖా విడుదల దస్తావేజు మాత్రం చాలామంది రాయించుకోలేదు. కొనేవాడి వకీలు ఈసీ తీయగానే ఆ పాత తనఖా కనిపిస్తుంది. బ్యాంకు అప్పు ఆగిపోతుంది, బేరం ఆగిపోతుంది. ఒకసారి అలా జరిగితే ఆ ఏజెంటు మళ్ళీ మన ఇంటికి మనిషిని తీసుకురాడు. కాబట్టి ఇల్లు అమ్మినా అమ్మకపోయినా, అప్పు మంజూరు చేసిన శాఖ నుంచి బాకీ లేదన్న ధ్రువపత్రం తీసుకొని విడుదల దస్తావేజు రిజిస్టరు చేయించుకోండి. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయాయి. సూర్యాపేట, వనపర్తి వంటి చోట్ల ఉన్నవారు పాత కాగితాల కోసం పాత జిల్లా కేంద్రంలోనూ వెతకవలసి రావచ్చు.

ఈసీని ముందు మనమే చూసుకోవాలి. 1983 నుంచి ఉన్న లావాదేవీలు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో చూడవచ్చు. అంతకు ముందువాటికి సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి. దాంతోపాటు లింకు డాక్యుమెంట్లు, మున్సిపల్ అనుమతి, ప్లాను, ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు, నల్లా బిల్లు ఒక ఫైలులో పెట్టండి. ఇంటిపన్ను ఇంకా కీర్తిశేషులైన నాన్నగారి పేరుమీదే వస్తుంటే ముందు దాన్ని మార్పించండి. ఏజెంటుకు జిరాక్సులు మాత్రమే ఇవ్వాలి. ప్రతి కాగితం మీద ‘అమ్మకం పరిశీలన కోసం మాత్రమే’ అని రాసి తేదీ వేయండి. అసలు కాగితాలు ఎవరికీ ఇవ్వకండి.

వారసత్వపు ఇల్లయితే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, పిల్లలు అందరూ ఒక మాట మీద ఉండాలి. విదేశంలో ఉన్నవారి సంతకం కావాలంటే అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువపరచిన పవరాఫ్ అటార్నీ తెప్పించుకోవాలి. అది ఇక్కడికి చేరిన 3 నెలల లోపల స్టాంపు సుంకం కట్టించాలి. బేరం కుదిరాక మొదలుపెడితే కొనేవాడు అంతకాలం ఆగడు.

మూడవది తాళంచెవి. వినడానికి చిన్న విషయం, చెడగొట్టేది మాత్రం ఇదే. ఆదివారం సాయంత్రం ఏజెంటు దగ్గరికి ఒక కుటుంబం వస్తుంది. మన ఇంటి తాళంచెవి హైదరాబాద్‌లో కొడుకు దగ్గర ఉంటుంది. ఏజెంటు వాళ్ళను పక్క వీధిలో ఇల్లు చూపించడానికి తీసుకుపోతాడు. నమ్మకమైన పొరుగువారి దగ్గర తాళంచెవి ఉంచండి. ఒక నోటుబుక్కు కూడా ఇచ్చి వచ్చినవారి పేరు, ఫోను నంబరు రాయించండి. ఇంట్లో కిరాయిదారు ఉంటే అతనితో మంచిగా మాట్లాడి, ఆదివారం పది నుంచి ఒంటిగంట వరకు అని సమయం పెట్టుకోండి. కొంత కిరాయి తగ్గించినా నష్టం లేదు. ఇష్టం లేని కిరాయిదారు ‘వానాకాలం నీళ్ళు కారుతాయండీ’ అని ఒక్క మాట అంటే చాలు, వచ్చినవారు చెప్పులు వేసుకుంటారు.

ఇక ఇల్లు. లక్షలు పోసి మరమ్మతులు అవసరం లేదు. కారే చోట్లు మాన్పించి, ముందుగదికి, ప్రహరీకి సున్నం వేయించి, వాకిట్లో గడ్డి తీయించి, పాత పెట్టెలు, విరిగిన కుర్చీలు బయటికి పంపితే చాలు. షాబాదు బండలు కడిగితే కొత్తవాటిలా కనిపిస్తాయి. కరెంటు బల్బులన్నీ వెలగాలి. ఫోటోలు ఉదయం వెలుతురులో, తలుపులు, కిటికీలు తెరిచి తీయించండి. ఇప్పుడు ఏజెంట్లు వాట్సాప్‌లోనే ముందు చూపిస్తారు. ఇల్లు చూసేది తల్లిదండ్రులైనా, డబ్బు పంపేది ఎక్కడో ఉన్న కొడుకో కూతురో. వారికోసం గేటు నుంచి డాబా దాకా నడుస్తూ ఒక వీడియో తీయించి ఏజెంటుకు ఇవ్వండి.

మన ప్రాంతంలో మొదటి ప్రశ్న నీళ్ళ గురించే. ఫ్లోరైడ్‌కు నల్లగొండ ఎంత పేరుపడిందంటే, పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే విధానానికి నాగపూర్‌లోని నీరీ సంస్థ ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరు పెట్టింది. బోరు లోతెంత, వేసవిలో నీళ్ళుంటాయా, భగీరథ నల్లా ఎన్ని రోజులకు వస్తుంది అన్నది ఒక కాగితం మీద రాసి పెట్టండి. బోరు నీళ్ళు పరీక్ష చేయించి ఆ రిపోర్టు ఫైలులో ఉంచండి. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉంటే తాగడానికి పనికిరాదు. అలా ఉంటే దాచకుండా, వాడకానికే బోరు, తాగడానికి నల్లా అని చెప్పండి. నిజం చెప్పే ఇంటికి మనిషి రెండోసారి వస్తాడు. వాస్తు విషయంలోనూ అంతే. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఎవరో అన్నారని దర్వాజాలు పగలగొట్టించకండి.

మన ఇల్లు ఎవరికి అనుకూలమో ఏజెంటుకు మనమే చెప్పాలి. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. రెండు విశ్వవిద్యాలయాలు అంతకుముందే వచ్చాయి. బడికి, ఆస్పత్రికి, బస్టాండుకు ఎంత దూరమో రాసి ఇస్తే అతను తగిన మనిషిని వెతుకుతాడు. ఆషాఢంలో, మూఢం రోజుల్లో చూసేవాళ్ళు తగ్గడం మామూలే. ఆ సమయం కాగితాలకు, మరమ్మతులకు వాడుకోండి. శ్రావణం వచ్చేసరికి ఇల్లు సిద్ధంగా ఉండాలి.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. ఒంటరిగా ఉన్న పెద్దలు ముక్కూమొహం తెలియనివారికి తలుపు తీయవద్దు. ఏజెంటుతో వస్తేనే చూపించండి. మిలిటరీ ఆఫీసరునని చెప్పి, బయానా పంపుతాను, ఈ క్యూఆర్ కోడ్ నొక్కండి అనేవాడు మోసగాడు. డబ్బు రావడానికి మనం ఏ కోడూ నొక్కనక్కరలేదు. బయానా 20,000 రూపాయలు, ఆ పైన అయితే నగదుగా తీసుకోరాదు. బ్యాంకు ద్వారానే రావాలి. ధర 50 లక్షలు, ఆ పైన అయితే కొనేవారు ఒక శాతం ఆదాయపు పన్ను పట్టుకొని కడతారు. అది మోసం కాదు, చట్టం. ఏజెంటు పేర మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పవరాఫ్ అటార్నీ రాయకండి.

చివరగా ఆ నోటుబుక్కు. మూడు నెలలకోసారి తెరిచి చూడండి. అసలు ఎవరూ రాకపోతే ధరలోనో, ఏజెంటులోనో, తాళంచెవి దగ్గరో లోపముంది. పదిమంది వచ్చి ఒక్కరూ రెండోసారి రాకపోతే ఇంట్లోనో, నీళ్ళలోనో ఉంది. రెండోసారి వచ్చినవారు కాగితాలు చూశాక వెనక్కి పోతే ఫైలులో ఉంది. జబ్బు ఎక్కడో తెలిస్తే మందు సులువు. తెలియకుండా ధర తగ్గించుకుంటూ పోవడం మందు కాదు.

వీటన్నిటికంటే ముందు ఇంట్లో కూర్చొని నిజంగా అమ్ముతామా, లేదా అని భార్యాభర్తలు, పిల్లలు తేల్చుకోండి. మనసు సగం ఉన్న ఇంటికి ఏజెంటు మనిషిని తీసుకురాడు. వద్దనుకుంటే కిరాయికిచ్చి నిశ్చింతగా ఉండండి. అమ్మాలనుకుంటే ఈ వారమే ఈసీ తీయించండి. తనఖా విడుదల సంగతి తెలియనివారు సమావేశం కాగానే కార్యదర్శిగారి దగ్గర పేరు రాయించుకుంటే, తెలిసినవారు పక్కన కూర్చొని సాయం చేస్తారు. సంఘం ఉన్నది అందుకే.