పెత్తనమూ, బాధ్యతా



ఈ రోజుల్లో మన ఆడవాళ్ళు ఉద్యోగాలు చేయడంతో పాటు పదిమంది చేత పని చేయిస్తున్నారు కూడా. ఆఫీసులో సెక్షను, బడి, కుట్టుపని కేంద్రం, పొదుపు సంఘం, ఏదైనా కానివ్వండి, పైనున్న మనిషికి ఒకటే చిక్కు. అన్నీ తనే చూసుకుంటే "పెత్తనం చేస్తోంది" అంటారు. అందరికీ వదిలేస్తే పని పాడవుతుంది. అందరూ పల్లకీ ఎక్కేవారే అయితే మోసేవారెవరని సామెత ఉండనే ఉంది కదా! మరి స్వేచ్ఛ ఎంతవరకు ఇవ్వాలి? అదుపు ఎక్కడ ఉంచుకోవాలి?

జవాబు అప్పడంలో ఉందంటే నవ్వుతారేమో! లిజ్జత్ అప్పడాలు మీకు తెలిసినవే. 1959 మార్చి 15న బొంబాయి గిర్గాంలో ఏడుగురు గృహిణులు 80 రూపాయలు అప్పు తెచ్చి, డాబా మీద కూర్చుని ఆ పని మొదలుపెట్టారు. తొలినాడు చేసినవి నాలుగు పొట్లాలు. ఇప్పుడా సంస్థలో సభ్యులు నలభై వేలు దాటారు. ఆ ఏడుగురిలో ఒకరైన జశ్వంతీబెన్ పోపట్ గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది.

అక్కడ ఒకరు యజమాని, ఒకరు కూలీ అన్న తేడా లేదు. ప్రతి స్త్రీ "సోదరి", భాగస్తురాలు. కేంద్రంలో కలిపిన పిండి తెచ్చుకుని ఇంట్లో వీలైన వేళ ఒత్తుకుంటుంది. పిల్లల్ని బడికి పంపాక ఒత్తుతుందో, వంటయ్యాక ఒత్తుతుందో ఎవరూ అడగరు. కాని అప్పడాలు అప్పజెప్పేటప్పుడు తూకమూ, నాణ్యమూ చూసే తీసుకుంటారు. ఉప్పూ ఇంగువా ఎవరికి తోచినట్లు వాళ్ళు వేస్తామంటే కుదరదు. లాభమొస్తే పంచుకుంటారు, నష్టమొచ్చినా అందరూ భరించవలసిందే.

మొదట్లో వాళ్ళు నాసిరకం కూడా చేసి చౌకగా అమ్మేవారు. పెద్దదిక్కుగా నిలిచిన ఛగన్‌లాల్ పారేఖ్ గారు ఒకే రకం, అదీ మేలురకం చేయమనీ, లెక్కలు సక్రమంగా రాయమనీ గట్టిగా చెప్పారు. ఆ మాట మీదే సంస్థ నిలబడింది.

చూశారా, పని ఎప్పుడు, ఎక్కడ చేసుకోవాలో చేసేవాళ్ళ ఇష్టం. ఎంత బాగుండాలన్నది మాత్రం అందరూ కలిసి పెట్టుకున్న కట్టుబాటు. దాన్ని కాపాడటమే పెద్దల బాధ్యత.

కనుక మీ చేతికింద ఎవరికైనా పని అప్పగిస్తే, దానికి సంబంధించిన చిన్న చిన్న నిర్ణయాలు కూడా వాళ్ళనే చేయనివ్వండి. గంటకోసారి వెళ్ళి తొంగి చూడకండి. ఏది సరైన పనో ముందే చెప్పండి, అయ్యాక తప్పకుండా చూడండి. లెక్కలు అందరికీ కనిపించాలి. సంఘం పాసుపుస్తకం ఏళ్ళ తరబడి ఒక్కరి బీరువాలోనే ఉంటే మిగతావాళ్ళు పేరుకే సభ్యులు.

చివరిగా ఒక్క మాట. పని చెడినప్పుడు "నేను చేయలేదు, వాళ్ళే చేశారు" అని పైవాళ్ళ ముందు తప్పుకోకండి. ఆ ఒక్క మాటతో మీరు ఇచ్చిన స్వేచ్ఛ అంతా వాళ్ళకు శిక్షలాగా తోస్తుంది. మళ్ళీ ఎవరూ ముందుకు రారు.

సెలవు.