సర్పగంధ తిన్న కోతి శాంతించినదా?



నిన్నటి ప్రసంగం ముగిసిన పిమ్మట ఒక తల్లి ప్రసాదం పంచే వేళ వరకు వేచి ఉండి, అందరూ వెళ్ళిన తరువాత మమ్మల్ని ఒక మాట అడిగారు. "శాస్త్రులుగారూ, మా అబ్బాయికి పట్టరాని కోపం. వైద్యులు మాత్రలు వ్రాశారు. వేస్తే నెమ్మదిగా ఉంటున్నాడు. చుట్టాలేమో మాత్రలు మాన్పించి జపం చేయించమంటున్నారు. మాత్రతో పోయిన కోపం పోయినట్లేనా?" ఆ తల్లి అనుమతితోనే ఈ మాట సభలో చెప్పుచున్నాము.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఇరవై ఏళ్ళ క్రితమైతే మేమూ ఆ చుట్టాల మాటే చెప్పి ఉండేవారమేమో. మా మనుమరాలు ఔషధశాస్త్రం చదివినది. తెల్లవారగానే ఆమెను పిలిచి అడిగితే, మనుష్యుల సంగతి తరువాత, ముందు జంతువుల సంగతి వినండి తాతగారూ, అన్నది. నిజమే. మనిషి కోపాన్ని మాటలతో కప్పగలడు. జంతువుకు ఆ విద్య లేదు. మూగజీవాలపై ఇట్టి ప్రయోగాలు చేయడం మా మనస్సుకు కష్టంగానే ఉన్నది. అయినా తెలిసిన విషయాన్ని తెలియనట్లు నటించడం పండిత లక్షణం కాదు గదా!

మొదటి కథ మన దేశపు మూలికదే. సర్పగంధ అనే వేరును మన వైద్యులు చిరకాలంగా ఎరుగుదురు. ఉత్తరదేశంలో దానికి పిచ్చిమందు అనే వ్యవహారం కూడా కలదు. 1931లో గణనాథ సేన్, కార్తీక చంద్ర బోస్ అనే వైద్యులు అది రక్తపోటుకు, ఉన్మాదానికి పనిచేస్తున్నదని ప్రకటించారు. 1952లో స్విట్జర్లాండులో ఆ వేరు నుండి రెసర్పిన్ అనే సారాన్ని వేరుచేశారు. దానిని ప్రయోగశాలలోని రీసస్ కోతులకు ఇచ్చి చూశారు. రీసస్ అంటే మరేదో కాదు, ఉత్తరాదిన గుడి మెట్ల మీద కొబ్బరిచిప్ప లాగుకొని పోయే కోతియే. చేయి చాపితే కరిచే జంతువు మందు పడగానే కరవడం మాని చేతికి చిక్కినది. అందరూ ఆశ్చర్యపడ్డారు.

అయితే ఆ కోతి శాంతించినదా? ఇక్కడ కొంచెం నిదానంగా ఆలోచించాలి. రెసర్పిన్ పడిన జంతువులకు రెప్పలు వాలిపోయేవి. కదలిక తగ్గేది. 1955లో అమెరికాలో బ్రోడీ మొదలైనవారు దీని లోపలి సంగతి కొంత కనిపెట్టారు. మెదడులోని నాడులు ఒకదానితో ఒకటి మాట్లాడుకొనడానికి కొన్ని రసాలను నిలువ ఉంచుకుంటాయి. వాటిలో సెరటోనిన్ ఒకటి. రెసర్పిన్ ఆ నిలువనే ఖాళీ చేస్తుంది. ధాన్యం లేని గాదెలో ఎలుకల పోట్లాట ఉండదు. అట్లని ఆ ఇల్లు సుభిక్షంగా ఉన్నదందుమా? 1957లో స్వీడను దేశపు ఆర్విడ్ కార్ల్‌సన్, ఈ మందుతో కదలక పడి ఉన్న కుందేళ్ళకు ఎల్-డోపా అనే ద్రవ్యమిచ్చాడు. డోపమిన్ అనే మరొక నాడీరసం దాని నుండి తయారవుతుంది. కుందేళ్ళు లేచి తిరిగాయి. డోపమిన్‌పై చేసిన కృషికి ఆయన 2000లో నోబెల్ బహుమానం పొందాడు.

గీతలోని పదునాల్గవ అధ్యాయం గుణత్రయాన్ని విభజించి చూపుతుంది గదా. రజస్సు అణగినంత మాత్రాన సత్త్వం వచ్చిందని చెప్పరాదు. తమస్సు కూడా కదలదు. దూరం నుండి చూచేవారికి రెండూ ఒక్కటిగానే తోస్తాయి. మగతలో పడిన కోతిని చూచి మౌనియని నమస్కరించరాదు.

అట్లని మందులన్నీ మగతయే అనుకొనడం కూడా తప్పే. 1957లో అమెరికాలో పరీక్షించి, 1960లో లిబ్రియం అనే పేరుతో అమ్మకానికి తెచ్చిన మందు, కరిచే కోతులను మెలకువ చెడకుండానే సాధువులను చేసినది. అయితే ఆ జాతి మందులే తక్కువ మోతాదులో కొన్ని ఎలుకలలో పోట్లాటను పెంచినవట!

ఇంకొక చిత్రం వినండి. క్రేఫిష్ అని రొయ్యల వంటి నీటిజీవి ఉన్నది. ఎండ్రకాయకున్నట్లు పెద్ద డెక్కలుంటాయి. పోట్లాటలో ఓడినది గెలిచిన దానిని చూచి తప్పుకొని పోతుంది. ఓడిన దానికి సెరటోనిన్ ఎక్కించితే వెనుదిరగక మరల కలియబడినదని 1997లో ప్రకటించారు. కాగా 1991లో కాలిఫోర్నియాలో వెర్వెట్ అనే ఆఫ్రికా జాతి కోతుల గుంపుల నుండి నాయకుని తొలగించి, మిగిలిన మగ కోతులలో ఒకదానికి సెరటోనిన్ పనిని పెంచే ద్రవ్యాలు ఇచ్చారు. వాటిలో ఒకటి ట్రిప్టోఫాన్. పాలలోను పప్పులలోను ఉండేదే. ఆ ద్రవ్యాలు తిన్న కోతియే ప్రతి గుంపులోను నాయకుడైనది. పోట్లాడి కాదు సుమండీ! ఆడకోతుల ప్రక్కన కూర్చుండి, పేలు తీసి, వాటి మన్నన సంపాదించి. సెరటోనిన్ పనిని తగ్గించే మందు ఇచ్చినప్పుడు రెండవ కోతియే నాయకుడైనది.

ఒకే రసం నీటిజీవిని కలహానికి పంపినది, కోతిని స్నేహానికి పంపినది. కావున కోపం ఫలానా రసంలో ఉన్నదని వ్రేలు పెట్టి చూపలేము. ఆ జీవి ఏ జాతిది, ఎవరి మధ్య ఉన్నది, అంతకుముందు గెలిచినదా ఓడినదా అన్నవి కూడా దానితో కలిసి పనిచేస్తాయి.

ఇది వింటే శాస్త్రం చెడిపోతుందని కొందరికి భయం. మాకు లేదు. ఛాందోగ్యంలో ఉద్దాలకుడు కుమారుడైన శ్వేతకేతువును పదునైదు దినాలు నీటితోనే ఉంచి, పిమ్మట వేదం చెప్పమన్నాడు. పన్నెండేండ్లు చదివిన కుమారునికి ఒక్క ఋక్కు కూడా స్ఫురించలేదు. భోజనం చేసి రాగానే అంతా జ్ఞప్తికి వచ్చినది. అన్నపు సూక్ష్మభాగమే మనస్సు అవుతుందని తండ్రి అట్లు అనుభవపూర్వకంగా చూపించాడు. అన్నం లేక నోరు పెగలని శ్వేతకేతువును భక్తి లేనివాడని ఎవరైనా నిందించారా? ద్రవ్యం మనస్సును కదిలిస్తుందనే మాట మన ఇంటిలో పుట్టినదే.

కావున అమ్మా, మీరు ఈ సభలో ఎక్కడ కూర్చున్నారో మాకు కనబడడం లేదు గానీ, మాత్రలు మాన్పించకండి. మార్చవలసినా, తగ్గించవలసినా వైద్యుని అడిగి మాత్రమే చేయండి. ఈ కథ విని ఎవరూ సర్పగంధ వేరు నూరి ఇంట్లో ఇవ్వవద్దు. దానితో ప్రమాదం ఉన్నది. పిల్లవాడు నెమ్మదిగా ఉన్నాడన్నారు. ఆ నెమ్మది ఎటువంటిదో మీరే గమనించాలి. ఇష్టమైన కూర వండితే ముఖం వికసిస్తున్నదా? చెల్లెలితో నవ్వి మాట్లాడుతున్నాడా? లేక రెప్పలు వాల్చి గోడను చూస్తున్నాడా? రెండవది అయితే, అల్లరి లేదు గదా అని సంతోషించి ఊరుకొనక, ఆ మాటే వైద్యునితో చెప్పండి.

జపం సంగతి తరువాత చూద్దాం. రేపు సాయంకాలం పిల్లవానిని మా పాఠశాలకు తీసుకొని రండి. చదివించడానికి కాదు, పిల్లలు పూలు కోసి మాలలు కట్టే వేళ అది, వారి ప్రక్కన కూర్చుంటాడు. వచ్చేటప్పుడు రాత్రి వేయవలసిన మాత్ర వెంట తెచ్చుకొనండి, భోజనం మా వద్దనే.