డబ్బా మీద ఏం రాసుంది?



కారు సంగతి మనకెందుకు అనుకోకండి. ఇవాళ కారు అంటే షావుకారు ఇంట్లోనే ఉండేది కాదు. అప్పు చేసి పాత కారు కొని, కిరాయికి తిప్పుకుని బతికే ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ అప్పు కాగితం మీద సంతకం పెట్టేది మనమే. వాయిదా కట్టేదీ మనమే. అలాంటి ఒక ఇంటి కథ వినండి.

ఒక అక్క పొదుపు సంఘంలో అప్పు తీసుకుంది. దానికి ఇంకొంత కలిపి పాత పెట్రోలు కారు కొన్నారు. భర్త డ్రైవరు. ఆస్పత్రికి, పెళ్లిళ్లకు, రైలు స్టేషనుకి కిరాయికి వెళ్లేవాడు. ఇల్లు గడిచేది. నెలనెలా వాయిదా కట్టేవారు.

ఇంజను ఆయిలు సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. చవగ్గా వస్తుందని భర్త లూజు ఆయిలు పోయించాడు. ఒకరోజు కిరాయికి వెళ్తుంటే స్టీరింగు ముందు ఎర్ర దీపం వెలిగింది. నూనె చెంబు బొమ్మ ఉన్న దీపం అది. "ఇంకో పది కిలోమీటర్లేగా" అని పోనిచ్చాడు. సగం దారిలో ఇంజను పట్టేసింది.

షెడ్డులో ఇంజను విప్పారు. లోపల ఆయిలు చాలినంత లేదు. ఉన్నది తారులా ముద్ద కట్టింది. ఇంజను బోరుకొచ్చింది. బాగు చేయించడానికి వేలకు వేలు అయ్యాయి. అక్క చెవి కమ్మలు తాకట్టుకు పోయాయి. రెండు నెలలు వాయిదా ఆగింది. సంఘం మీటింగులో ఆమె తల ఎత్తలేకపోయింది.

అప్పుడు ఆ అక్క మెకానిక్‌ని అడిగింది. "అన్నా, ఏ ఆయిలు పొయ్యాలో ఎలా తెలుస్తుంది?"

"బండితో ఒక పుస్తకం ఇస్తారమ్మా. అందులో ఉంటుంది. ఎవరూ తెరవరు" అన్నాడతను.

ముందు ఆయిలు చేసే పని తెలుసుకుందాం. రెండు చేతులూ గట్టిగా రుద్ది చూడండి. వేడెక్కుతాయి. నూనె రాసుకుని రుద్దండి. జారతాయి. ఎడ్లబండి ఇరుసుకి కందెన పెట్టేది ఇందుకే. కారు ఇంజనులో ఇనుప భాగాలు నిమిషానికి వేల చుట్లు తిరుగుతాయి. వాటి మధ్య సన్నని ఆయిలు పొర ఉండాలి. ఆ పొర రాపిడిని ఆపుతుంది. వేడిని కొంత లాగేస్తుంది. మసిని కడుగుతుంది. తుప్పు పట్టనివ్వదు. పొర తెగిందా, ఇనుము ఇనుముని తింటుంది.

మరి ఏ ఆయిలైనా ఒకటేనా? కాదు. కొబ్బరి నూనె చూడండి. ఎండాకాలం నీళ్లలా ఉంటుంది. చలికాలం పేరుకుంటుంది. బెల్లం పాకం వేడి మీద జారుతుంది. చల్లారితే కదలదు. ఇంజను ఆయిలుకీ ఈ గుణం ఉంది. చల్లగా ఉన్నప్పుడు చిక్కబడుతుంది. వేడెక్కితే పలచబడుతుంది. ఎంత చిక్కనో, ఎంత పలచనో చెప్పడానికే డబ్బా మీద అంకెలు వేస్తారు.

ఆ అక్క పుస్తకం తీసింది. అంతా ఇంగ్లీషు. ఆమెకు వచ్చింది తెలుగు అక్షరాలు, అంకెలు. అయినా భయపడలేదు. పదో తరగతి చదివే పక్కింటి పిల్లని పిలిచింది. ఇద్దరూ కలిసి ఆ పేజీ పట్టుకున్నారు. అక్కడ ఇలా ఉంది: 5డబ్ల్యు-30.

మొదటి అంకె 5. అది చలిలో ఆయిలు నడకని చెబుతుంది. డబ్ల్యు అంటే ఇంగ్లీషులో చలికాలం అనే మాటకి మొదటి అక్షరం. ఆ అంకె ఎంత తక్కువైతే, చలిలో ఆయిలు అంత తేలికగా పారుతుంది. చివరి అంకె 30. అది ఇంజను వేడెక్కాక ఆయిలు చిక్కదనం. 100 డిగ్రీల వేడిలో కొలుస్తారు. 30 కంటే 40 చిక్కన. 40 కంటే 50 చిక్కన. ఈ కొలతలు పెట్టింది అమెరికాలోని ఇంజనీర్ల సంఘం. ఇప్పుడు అన్ని దేశాల వాళ్లూ వాటినే వాడుతున్నారు.

"మనది ఎండల దేశం కదా, చిక్కటిది పోస్తే మంచిది కాదా?" అని చాలామంది అంటారు. రెంటచింతల ఎండలు మనకు తెలుసు. కానీ కొత్త రకం ఇంజన్లలో ఆయిలు పారే దారులు సన్నం. మరీ చిక్కటి ఆయిలు పొద్దున్నే స్టార్టు చేసినప్పుడు పైదాకా ఎక్కడానికి ఆలస్యం చేస్తుంది. అంతసేపూ భాగాలు అరుగుతాయి. పెట్రోలూ ఎక్కువ తాగుతుంది. మరీ పలచటిది పోస్తే వేడికి పొర తెగుతుంది. చిక్కటిది గొప్ప కాదు. పలచటిది గొప్ప కాదు. ఆ ఇంజనుకి సరిపడింది గొప్ప.

అంకెల తర్వాత ఇంకో గుర్తు ఉంటుంది. రెండు ఇంగ్లీషు అక్షరాలు. మొదటి అక్షరం పాములా మెలి తిరిగి ఉంటే ఎస్. అది పెట్రోలు బండికి. నెలవంకలా ఉంటే సి. అది డీజిలు బండికి. రెండో అక్షరం ఆయిలు ఎంత కొత్త రకమో చెబుతుంది. పెట్రోలు ఆయిళ్లలో ఎస్‌ఎల్ 2001లో వచ్చింది. ఎస్‌ఎన్ 2010లో, ఎస్‌పి 2020లో వచ్చాయి. పుస్తకం ఎస్‌ఎన్ అంటే ఎస్‌పి పోసుకోవచ్చు. అంతకంటే పాతది పొయ్యకూడదు. డీజిలు బండికి మాత్రం పుస్తకంలో ఉన్నదే కచ్చితంగా పొయ్యాలి. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన డీజిలు కార్లలో పొగ మసిని పట్టే జల్లెడ ఉంటుంది. తప్పు ఆయిలు పోస్తే అది పూడుకుపోతుంది. మోటారు సైకిలు ఆయిలు వేరు. కారు ఆయిలు వేరు. ఒకదాని బదులు ఒకటి పొయ్యకండి.

అక్క ఆ అంకెల్నీ అక్షరాల్నీ చీటీ మీద ఉన్నవి ఉన్నట్టు దించుకుంది. చీటీ కొంగున కట్టుకుని భర్తతో కొట్టుకి వెళ్లింది. కొట్టాయన ఒక డబ్బా తీసి పెట్టాడు. అక్క చీటీ పక్కన పెట్టి చూసింది. డబ్బా మీద 20డబ్ల్యు-40 అని ఉంది.

"అన్నా, ఇది కాదు."

"అందరూ ఇదే పట్టుకెళ్తారమ్మా. ఇంజను సంగతి నీకేం తెలుసు?"

భర్త కూడా "పోనీలేవే" అన్నాడు.

"ఇంజను సంగతి తెలీదన్నా. అంకెలు తెలుసు. నా చీటీలో 5 ఉంది, 30 ఉంది. నీ డబ్బాలో లేవు" అంది అక్క.

కొట్టాయన లోపలికి వెళ్లి ఇంకో డబ్బా తెచ్చాడు. అక్క మూత సీలు తడిమి చూసింది. తయారైన తేదీ చూసింది. బిల్లు రాయించుకుంది. భర్త మాట్లాడకుండా డబ్బా అందుకున్నాడు.

ఇంటి దగ్గర ఇంకో పని నేర్చుకుంది. వారానికోసారి కారుని సమనేల మీద పెట్టిస్తుంది. ఇంజను ఆపి కొద్ది నిమిషాలు ఆగుతుంది. ఆయిలు గేజి పుల్ల లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ గుచ్చి తీస్తుంది. పుల్ల మీద రెండు గీతలుంటాయి. ఆయిలు ఆ రెండింటి మధ్య ఉండాలి. కింది గీత కంటే తగ్గితే పొయ్యాలి. పై గీత దాటితే అదీ తప్పే. ఆయిలు నల్లబడితే కంగారు లేదు, మసిని కడుగుతోందన్న మాట. పాలు కలిపిన కాఫీలా కనిపిస్తే మాత్రం నీళ్లు కలిశాయేమో. బండి ఆపి మెకానిక్‌కి చూపించాలి. ఎర్ర దీపం వెలిగితే అక్కడికక్కడే ఇంజను ఆపాలి.

ఎన్ని కిలోమీటర్లకు, ఎన్ని నెలలకు ఆయిలు మార్చాలో కూడా పుస్తకంలోనే ఉంటుంది. ఏది ముందు వస్తే అప్పుడు మార్చాలి. ఆయిలుతో పాటు ఫిల్టరూ మార్చాలి. తీసేసిన ఆయిలు కాలవలో, బావి దగ్గర పారబొయ్యకండి. నీళ్లు పాడవుతాయి. షెడ్డు వాళ్లకే అప్పగించండి. ఖాళీ డబ్బాకి చిల్లు పెట్టి పారెయ్యండి. లేకపోతే అందులోనే నకిలీ ఆయిలు నింపి మళ్లీ మనకే అమ్ముతారు.

ఇప్పుడు ఆ కారు తిరుగుతోంది. వాయిదాలు సాగుతున్నాయి. కమ్మలు ఇంకా తాకట్టులోనే ఉన్నాయి. సంక్రాంతికి విడిపించాలని అక్క డబ్బు దాస్తోంది. కారు ముందు అరలో ఆ చీటీ అంటించి ఉంది. ఆయిలు మార్చిన ప్రతిసారీ తేదీ, కిలోమీటర్లు దాని కింద తన చేత్తోనే రాస్తుంది.

ఆలోచించండి

1. మీ ఇంట్లో, మీ వీధిలో కారు గానీ, ఆటో గానీ, మోటారు సైకిలు గానీ ఉందా? దాని పుస్తకం ఎక్కడుంది?

2. అందులో ఆయిలు అంకెలు వెతకండి. పలక మీద రాయండి.

3. "నీకేం తెలుసు?" అని కొట్టాయన అడిగితే మీరేం చెబుతారు?