చెత్తకుప్ప – పంచాయతీ బాధ్యత

(రాయికోడ్‌లో పంచాయతీ సభ్యుల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)



పెంటకుప్ప రైతునకు క్రొత్త కాదు. పేడ, ఊడ్చిన చెత్త అందులో మాగి, తొలకరికి ముందు బండ్లపై చేలకు చేరెడిది. నేడు అందులో ప్లాస్టిక్ సంచులు, గాజుపెంకులు కలిసినవి. దానిని చేనికి తోలుటకు రైతు వెనుదీయుచున్నాడు. చేనికి పోని చెత్త ఊరిబయట గుట్టగా పెరుగుచున్నది.

ఈ గుట్ట వలన కీడు దుర్వాసన, ఈగలు మాత్రమే కాదు. గాలి చొరని లోతున అన్నము, ఆకులు, కూరగాయల తొక్కలు కుళ్ళునప్పుడు సూక్ష్మజీవులు మీథేన్ అను వాయువును పుట్టించును. దానికి రంగు లేదు, వాసన లేదు. గోబర్ గ్యాస్ పొయ్యిలో మండునది ఇదియే. పొయ్యిలో మండిన ఉపకారము. మండక ఆకాశమునకు పోయిన అపకారము. భూమిని వేడెక్కించుటలో ఇది, 100 సంవత్సరముల లెక్కన, అంతే బరువుగల బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 28 రెట్లు బలమైనది. అయితే గాలిలో నిలుచునది ఇంచుమించు 12 సంవత్సరములే. కనుక నేడు అరికట్టినచో ఫలితము మన కాలముననే కనబడును. వానను నమ్ముకొని విత్తు వేయు మనకు ఇది పరుల విషయము కాదు.

హైదరాబాదు నగరపు చెత్తను ఏండ్ల తరబడి జవహర్‌నగర్‌లో పోయగా అది కొండయైనది. తుదకు కోట్ల రూపాయలు వెచ్చించి ఆ కొండకు కప్పు వేయవలసి వచ్చినది. అదే నగరమున బోయినపల్లి కూరగాయల మార్కెట్టులో మరొక దారి తొక్కిరి. అచ్చట దినమునకు 10 టన్నుల కూరగాయల వ్యర్థముతో సుమారు 500 యూనిట్ల విద్యుత్తు తీయగల కేంద్రమును నెలకొల్పిరి. చెత్త అదే, కలిపి పోసినచో భారము, వేరుచేసినచో వనరు.

మనకు పెద్ద యంత్రములు అక్కరలేదు. 2019లో పల్లె ప్రగతి ప్రారంభమైన పిదప రాష్ట్రమున గ్రామపంచాయతీలకు ట్రాక్టర్లు, కంపోస్టు షెడ్లు సమకూడినవి. వానిని సరిగా వాడుటయే మన పని. తడిచెత్తను, పొడిచెత్తను ఇంటివద్దనే వేరుచేయవలెను. తడిచెత్తను 3 అడుగులకు మించని గుంటలో పేడనీళ్ళతో, ఎండుటాకులతో పొరలుగా వేసి, పక్షమునకొకసారి తిరగవేయవలెను. గాలి సోకినచోట మీథేన్ పుట్టించు జీవులు బ్రదుకజాలవు. కొద్ది నెలలలో నల్లని ఎరువు చేతికి వచ్చును. కుప్పకు నిప్పు పెట్టుట మాత్రము పరిష్కారము కాదు. ప్లాస్టిక్ పొగ పిల్లల ఊపిరితిత్తులను చెరచును.

ఒక్క మాట మరువరాదు. ఇల్లాలు వేరుచేసి ఇచ్చిన చెత్తను ట్రాక్టరులో మరల ఒక్కటిగా పోసినచో, మరునాడు ఆమె వేరుచేయదు. అడుగుటకు మనకు మొగము ఉండదు. కావున ట్రాక్టరు తొట్టిలో రెండు అరలు కట్టించుడు. చెత్తనెత్తు పారిశుధ్య కార్మికులకు చేతితొడుగులు ఇప్పించుడు. వచ్చు గ్రామసభలో ఎంత ఎరువు తయారైనదో, ఎవరి చేనికి పోయినదో లెక్క చదివి వినిపించుడు.

అన్నిటికంటె ముందుగా, సభ్యులు తమ ఇంటి వాకిట రెండు బుట్టలు పెట్టుడు. ఊరు మన మాటను గాక మన వాకిలిని చూచి నడచును.